హెల్త్ ఒక్కటే చూసి గేర్ కట్టుకుంటే ట్యాంక్ నిలబడడు సార్

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మాది గుంటూరు బ్రాడీపేట, మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తా. మీ పేపర్ మా నాన్న కాలం నుంచి ఇంటికి వస్తంది, ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం రాయలేదు నేను, మా వీధి కాలవ మీద రాయమని మా ఆవిడ మూడేళ్ళ నుంచి పోరతానే ఉంది అదీ రాయలేదు, చివరికి కూర్చుని రాస్తంది ఒక కంప్యూటర్ గేమ్ గురించి అంటే మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి పర్లేదు గానీ చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం యూత్ పేజీలో ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ మీద పెద్ద ఐటమ్ వేశారు కదా. సంతోషం, మన తెలుగు పేపర్లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ బొమ్మ చూసేసరికి నాకు కాఫీ చల్లారిపోయింది కూడా తెలీలా. కానీ కింద బాక్స్ కట్టి టిప్స్ అని ఇచ్చారే, అందులో ట్యాంక్ ఆడేవాళ్ళు ఏ గేర్, అంటే ఒంటి మీద వేసుకునే సామాను, హెల్త్ ఎక్కువ ఇస్తదో అదే వేసుకుంటే చాలు అని రాశారు. అది తప్పండి. చిన్న తప్పు కాదు, అది నమ్మి రెయిడ్‌కి వెళ్ళినోడు తను చావడమే కాక మిగతా తొమ్మిది మందినీ చంపుతాడు, నేను చంపాను కాబట్టి చెప్తన్నా.

గేమ్ తెలీని వాళ్ళ కోసం రెండు ముక్కలు. పది మంది కలిసి ఒక పెద్ద రాక్షసుడి మీదకి పోతాం, దాన్ని రెయిడ్ అంటాం, ఆ రాక్షసుణ్ణి బాస్ అంటాం. వాడి ఎదురుగా నిలబడి దెబ్బలన్నీ తన మీద వేసుకునేవాడు ట్యాంక్, ఆ దెబ్బలకి మందు వేసేవాడు హీలర్, మిగతావాళ్ళు పక్కనుంచి బాస్‌ని కొడతా ఉంటారు. ట్యాంక్ పడ్డాడంటే బాస్ మిగతా వాళ్ళ మీదకి తిరుగుతాడు, వాళ్ళు రెండు దెబ్బలు కూడా ఆగరు. అందుకే ట్యాంక్ ఏం వేసుకున్నాడు అన్నది వాడి సొంత ఇష్టం కాదు, పది మంది వ్యవహారం.

మా యార్డు భాషలో చెప్తా వినండి. మిర్చి టిక్కీ, అంటే బస్తా, బరువు ఉంది కదా అని ఎవడూ రేటు కట్టడు. తేమ ఎక్కువుంటే ఏ టిక్కీ అయినా బరువు తూగుద్ది, లోపల తాలు కాయలు ఎన్ని, రంగు ఎట్టా ఉంది, ఘాటు ఎంత, ఇవన్నీ చూశాకే చెయ్యి కలిపేది. తేమ కాయని కోల్డ్ స్టోరేజీలో పెడితే ఏమవుద్దో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ట్యాంక్ హెల్త్ కూడా అట్టాంటి బరువే, కాటా మీద బాగా కనపడుద్ది.

ఇక నా సంగతి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వ్రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ అనే కొత్త భాగం 2008 నవంబర్‌లో వచ్చింది, అప్పుడు నా దగ్గర కంప్యూటర్ లేదు, నెట్ సెంటర్లో గంట లెక్కన చూడటమే. అదే మళ్ళీ క్లాసిక్ పేరుతో 2022 సెప్టెంబర్ 26న తెరిచారు, ఈసారి వదల్లేదు. నేను వారియర్ ట్యాంక్, మా బావమరిది విజయవాడ పటమటలో ఉంటాడు, వాడు ప్రీస్ట్, హీలర్. మేం ఆడిన సర్వర్ యూరప్‌ది, అక్కడోళ్ళు హాయిగా భోంచేసి రాత్రి 8 కి రెయిడ్ మొదలుపెడితే చలికాలంలో మనకి అర్ధరాత్రి 12:30 అయ్యేది, పొద్దున్నే మళ్ళీ యార్డుకి పోవాల్సి వచ్చేది, మా ఇంట్లో దీని మీద జరిగిన గొడవలు ఇక్కడ రాయటం బాగోదు.

ఒక వారం నాకు కొత్త ఉంగరం వచ్చింది, దాంట్లో స్టామినా, అంటే హెల్త్ పెంచే గుణం, బాగా ఉంది. పాతది తీసి అది వేశా. ట్రింకెట్, అంటే తాయెత్తు లాంటిది, అది కూడా స్టామినాది పెట్టా, సామానులో పొదిగే రాళ్ళని జెమ్‌లు అంటాం, అందులో ఒక పసుపు జెమ్ పీకి నీలం జెమ్ కూర్చా. హెల్త్ 43 వేల నుంచి 45 వేలు దాటింది. ఆ నంబర్ చూసుకుని ఎంత మురిసిపోయానంటే స్క్రీన్ షాట్ తీసి బావమరిదికి పంపా, వాడు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఆ రాత్రి బాస్ మొదలై నాలుగు నిమిషాలు బాగానే పోయింది, ఆ తర్వాత హెల్త్ నిండుగా ఉన్నోణ్ణి ఉన్నట్టుండి పడిపోయా. నిండుగా ఉన్నోణ్ణండి! నేను వెంటనే మైక్‌లో బావమరిది మీద అరిచా, నిద్రపోతన్నావా అని. వాడు ఒక్క మాట అనలా. రెండు నిమిషాలకి కంబాట్ లాగ్‌లోంచి, అంటే దెబ్బల చిట్టాలోంచి, ఒక్క లైను పంపించి, బావా నీ డిఫెన్స్ ఎంత అని అడిగాడు. చూసుకుంటే 531.

ఇక్కడే మీ బాక్స్‌లో రాయని లెక్క ఉంది, కాస్త ఓపిగ్గా చూడండి. 80 లెవెల్ ఆటగాడికి రెయిడ్ బాస్ 83 లెవెల్ కింద లెక్క. అంత పైనున్న బాస్ కొట్టే దెబ్బ క్రిట్ అయ్యే అవకాశం 5.6 శాతం, క్రిట్ అంటే దెబ్బ రెట్టింపు. డిఫెన్స్ స్కిల్ మామూలుగా లెవెల్‌కి అయిదు చొప్పున 400 ఉంటది, దాని మీద పెంచిన ఒక్కో పాయింట్ ఆ అవకాశాన్ని 0.04 శాతం తగ్గిస్తది. 5.6 ని 0.04 తో భాగించండి, 140 వస్తది. 400 కి 140 కలిపితే 540. అంతే, ట్యాంకులు ఆడేవాళ్ళు దేవుడి నంబర్ లాగా 540, 540 అని జపం చేసేది ఇందుకే. అంతకుముందు 70 లెవెల్ రోజుల్లో 490, మొట్టమొదట 60 లెవెల్‌లో 440, ఎప్పుడైనా ఆ 140 మాత్రం మారలా. 540 చేరితే బాస్ క్రిట్ కొట్టడం అనేదే ఉండదు, తగ్గటం కాదు, ఉండదు. గేర్ మీద ఉండే డిఫెన్స్ రేటింగ్ వేరు, స్కిల్ వేరు, కొత్తోళ్ళు ఇక్కడ గందరగోళ పడతారు, 80 లెవెల్‌లో సుమారు 4.92 రేటింగ్‌కి ఒక పాయింట్, కాబట్టి ఆ 140 పాయింట్లకి 689 రేటింగ్ కావాలి.

నేను తీసేసిన ఉంగరంలో 28 రేటింగ్, పీకేసిన పసుపు జెమ్‌లో 16, మొత్తం 44. అంటే 9 పాయింట్లు. 540 నుంచి 531. నేనప్పుడు ఏమనుకున్నానంటే 9 పాయింట్లు ఇంటూ 0.04 అంటే 0.36 శాతమే కదా, అర శాతం కూడా లేదు, దానికేం అవుద్ది అని. లెక్కలు రాసేవాణ్ణి, సిగ్గుచేటు. ఆరు నిమిషాల ఫైట్, బాస్ రెండు సెకన్లకొక దెబ్బ వేస్తాడు అనుకుంటే 180 దెబ్బలు. ప్రతి దెబ్బకీ 0.36 శాతం చొప్పున 180 సార్లు తప్పించుకోవాలంటే ఎంత? 52 శాతం. మిగతా 48 శాతం ఎక్కడో ఒకచోట క్రిట్ పడుద్ది. అర శాతం లేదనుకున్నది కాస్తా బొమ్మా బొరుసా అయి కూర్చుంది! ఇంకో సంగతి, ట్యాంక్ డాడ్జ్ చేస్తాడు, అంటే పక్కకి తప్పుకుంటాడు కాబట్టి అందులో సగం పోతాయిలే అనుకుంటారు కొందరు, అదీ లేదు, ఆ ఆటలో మిస్సు, డాడ్జ్, పారీ (కత్తితో ఆపటం), బ్లాక్ (డాలుతో కొంత కాసుకోవటం), క్రిట్ అన్నీ కలిపి ఒకటే పాచిక, ఒకే రోల్‌లో తేలిపోద్ది, కాబట్టి ఆ 0.36 వేసిన ప్రతి దెబ్బ మీదా పూర్తిగా ఉంటది.

బాస్ మామూలు దెబ్బ 24 వేలు అనుకుందాం, క్రిట్ అయితే 48 వేలు. నాకు 43 వేలున్నా పోతా, 45 వేలున్నా పోతా. నేను కష్టపడి తెచ్చుకున్న ఆ రెండు వేల హెల్త్ ఎందుకు పనికొచ్చింది? స్క్రీన్ షాట్‌కి.

ఆ రాత్రి బావమరిదికి సారీ చెప్పాలని ఉంది గానీ బావని కదా, మర్నాడు వాడికి ఇష్టమని ఉలవచారు కట్టించి బస్సులో పంపా. వాడికి అర్థమైంది.

అయితే 540 చేరితే అయిపోయిందా అంటే అసలు బేరం అక్కడ మొదలవుద్ది. 540 దాటి ఇంకా డిఫెన్స్ పోసుకునే వాళ్ళున్నారు, 560, 570 అని, దాంట్లో డాడ్జ్, పారీ కొంచెం పెరుగుతాయి గానీ క్రిట్ మీద ఇంక పనేం లేదు కదా, అక్కడ పెట్టే జెమ్ స్టామినా జెమ్ అయితే ఇంకా మేలు. అంటే మీ బాక్స్ చెప్పిన స్టామినా మాట మొత్తం అబద్ధమేం కాదు, దాని వరస తప్పు. నీలం జెమ్ ఒకటి 24 స్టామినా, అంటే 240 హెల్త్, 540 నిండాక దాన్ని కాదనే ట్యాంక్ ఎవడూ లేడు.

హెల్త్ పక్కన ఆర్మర్‌ని, అంటే కవచం బలాన్ని, కూడా కూర్చోబెట్టి చూడాలి, ఈ రెండిటినీ కలిపితే ఎఫెక్టివ్ హెల్త్ అంటాం, అంటే హీలర్ చూడకపోయినా నువ్వు ఎన్ని దెబ్బల దాకా ఆగగలవు అని. 83 లెవెల్ బాస్‌కి లెక్క ఏందంటే ఆర్మర్‌ని 16,635 తో భాగించి ఒకటి కలిపి దాంతో హెల్త్‌ని గుణించాలి. 40 వేల హెల్త్, 25 వేల ఆర్మర్ ఉన్నోడు కత్తి దెబ్బలకి సుమారు లక్షా నూరు హెల్త్ ఉన్నోడితో సమానం. అదే 40 వేల హెల్త్‌తో ఆర్మర్ 28 వేలు చేసుకుంటే లక్షా ఏడు వేలు దాటుద్ది. ఆ పెరుగుదల స్టామినాతో తెచ్చుకోవాలంటే ఇంకో 2,900 దాకా హెల్త్ కావాలి, అంటే పన్నెండు నీలం జెమ్‌లు! క్యారెక్టర్ షీట్‌లో మాత్రం ఆర్మర్ శాతం, అంటే దెబ్బలో అది కోసే భాగం, 60 నుంచి 62.7 కి పోయినట్టు కనపడుద్ది, ఇంతేనా అని జనం మొహం తిప్పేసుకుంటారు. ఆ శాతం చూసి మోసపోవద్దు, పైకి పోయేకొద్దీ శాతం నెమ్మదిగా పెరుగుద్ది గానీ ఒక్కో వెయ్యి ఆర్మర్ ఇచ్చే బలం మొదట ఎంతో చివర కూడా అంతే, 75 శాతం అనే గరిష్ఠం తగిలేదాకా. కాకపోతే ఆర్మర్ కత్తి దెబ్బకే, మంత్రాలకి పనిచెయ్యదు, రక్తం కారే బ్లీడ్ దెబ్బలకీ పనిచెయ్యదు. నిప్పులు కక్కే బాస్ దగ్గర ఆర్మర్ ట్రింకెట్ వేసుకుని నిలబడితే అది మే నెలలో బెజవాడ బెంజి సర్కిల్లో స్వెట్టర్ వేసుకున్నట్టే. అందుకే నా సంచిలో రెండు రకాల ట్రింకెట్లు పెట్టుకుని బాస్‌ని బట్టి మార్చేవాణ్ణి.

డాడ్జ్ సంగతి చాలా మందికి మింగుడు పడదు, నాకూ చాలా రోజులు పడలా. సగం దెబ్బలు తప్పించుకుంటే సగం నష్టమే కదా, ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తది. సరాసరి లెక్కలో నిజమే. కానీ ట్యాంక్ సరాసరి వల్ల చావడండి, వరసగా పడిన మూడు దెబ్బల వల్ల చస్తాడు. సగం తప్పించుకునేవాడికి ఏ మూడు దెబ్బలైనా వరసగా తగిలే అవకాశం ఎనిమిదింట ఒకటి, పన్నెండున్నర శాతం. 180 దెబ్బల్లో అట్టాంటి సందర్భాలు ఇరవైకి అటూ ఇటూగా వస్తాయి. డాడ్జ్ పెంచి 55 శాతం చేసుకున్నా ఆ అవకాశం 9 శాతానికి దిగుద్ది అంతే, పోదు. ఆ మూడు దెబ్బలు ఎప్పుడు వస్తాయో హీలర్‌కి తెలీదు, వాడు పెద్ద హీల్ మొదలుపెడితే రెండు సెకన్లు అటూ ఇటూ పడుద్ది, దాని మీద మన నెట్ ఒకటి. అందుకే నిలకడగా దెబ్బలు తినే ట్యాంక్‌ని హీలర్లు ఇష్టపడతారు, అదృష్టం మీద బతికే ట్యాంక్ అంటే వాళ్ళకి బీపీ. పైగా వ్రాత్ రోజుల్లో హీలర్లకి మనా, అంటే మంత్రం వెయ్యటానికి ఖర్చయ్యే శక్తి, దాని కరువు పెద్దగా లేదు, కాబట్టి డాడ్జ్ వల్ల మనా మిగిలిద్ది అనే వాదన కూడా అంత నిలబడదు.

ఇది నా సొంత పైత్యం కాదు, గేమ్ చేసిన బ్లిజార్డ్ వాళ్ళే ఒప్పుకున్నారు. 2009 డిసెంబర్‌లో ఐస్‌క్రౌన్ సిటడెల్ అనే రెయిడ్ తెరిచినప్పుడు లోపల ప్రతి ట్యాంక్‌కీ డాడ్జ్ 20 శాతం కోసేశారు, చిల్ ఆఫ్ ది థ్రోన్ అని పేరు పెట్టి. కారణం ఏందయ్యా అంటే ట్యాంకులు మరీ ఎక్కువ తప్పించుకుంటన్నారు, దానివల్ల బాస్ దెబ్బ తగిలినప్పుడల్లా కొండ మీద పడ్డట్టు పెట్టాల్సి వస్తంది, అది హీలర్లకి నరకంగా ఉంది అని. చూశారా, డాడ్జ్ మీద డబ్బులన్నీ పోసుకున్న వాళ్ళకి ఒక్క రోజులో గుండు కొట్టేశారు.

హిట్టు, ఎక్స్‌పర్టైజ్ గురించి పొడుగ్గా రాయను, 8 శాతం హిట్టు ఉంటే బాస్ మీద మన దెబ్బ మిస్ కాదు, 26 ఎక్స్‌పర్టైజ్ ఉంటే బాస్ డాడ్జ్ చెయ్యలేడు. ట్యాంక్ కొట్టడం దేనికి అని అడుగుతారు, బాస్ కోపం మన మీదే ఉంచుకోవాలి కదా, మన దెబ్బలు గాల్లో పోతే వాడు వెనకున్నోళ్ళ మీదకి పోతాడు. ఇంకో మెలిక కూడా ఉంది, మన దెబ్బని బాస్ పారీ చేస్తే వాడి తర్వాతి దెబ్బ తొందరగా వచ్చి పడుద్ది, కొందరు బాస్‌లకి అది తీసేశారు గానీ ఉన్నోళ్ళ దగ్గర మాత్రం ఎక్స్‌పర్టైజ్ కూడా ప్రాణం కాపాడే సామానే. ఇక బ్లాక్ అంటారా, ఆ రోజుల్లో బ్లాక్ ఒక్కో దెబ్బలో ఇంత అని లెక్కగా కోసేది, 24 వేల దెబ్బలో రెండు వేలు కోస్తే ఏం ఆనుద్ది. అదే చిన్న చిన్న రాక్షసులు పదిహేను మంది మీద పడ్డారనుకోండి, ఒక్కోడు మూడు వేలు కొడతా ఉంటే ఒక్కో దెబ్బలో రెండు వేలు పోతాయి, అప్పుడు బ్లాక్ గేర్‌ని మించింది లేదు. నేను రెండు సెట్లు పెట్టుకున్నా, ఆటలో సామాను దాచుకునే బ్యాంకు నిండిపోయింది, మా బావమరిది దాన్ని గోడౌన్ అంటాడు.

ఇంకోటి కూడా గుర్తు చెయ్యాలి, మీ బాక్స్‌లో ఏ వెర్షన్ గురించో రాయలేదు. 2010 అక్టోబర్‌లో డిఫెన్స్ అనే స్టాటే తీసేశారు, ట్యాంకులకి క్రిట్ పడకుండా టాలెంట్‌లోనే, అంటే ఆటగాడు ఎంచుకునే నైపుణ్యాల్లోనే, ఇచ్చేశారు. 2014 అక్టోబర్‌లో గేర్ మీద డాడ్జ్, పారీ, హిట్టు, ఎక్స్‌పర్టైజ్ కూడా పీకేశారు. ఇప్పటి అసలు గేమ్‌లో హేస్ట్, మాస్టరీ, క్రిట్, వెర్సటిలిటీ అనే వేరే స్టాట్‌ల చుట్టూ తిరగాలి, అక్కడ నా 540 చెప్తే నవ్వుతారు. నాకైతే పాత లెక్కే రుచి, తప్పు చేస్తే చచ్చేవాళ్ళం, చస్తే ఎందుకు చచ్చామో కాగితం మీద తేలేది. ఇప్పుడు అంతా వాళ్ళే చూసుకుంటన్నారు, సరే అది నా ముసలి గోల అనుకోండి, నాకు ముప్పై ఎనిమిదే గానీ.

నేను కోరేది ఏందంటే అండి, మీ యూత్ పేజీలో వచ్చే వారం ఆ బాక్స్‌కి సవరణ వెయ్యండి. ఏ వెర్షనో రాయండి, ముందు 540, ఆ తర్వాత హెల్త్, ఆర్మర్ రెండూ కలిపి, డాడ్జ్ ఆ తర్వాత అని రాయండి, చాలు. ఇంకా జాగా ఉంటే పైన నేను వేసిన 0.36 శాతం లెక్క వెయ్యండి, ఇంటర్ చదివే పిల్లలకి ప్రాబబిలిటీ చాప్టర్ కింద కూడా పనికొస్తది, మా అన్న కొడుక్కి ఇదే లెక్క చెప్తే ట్యూషన్‌లో చెప్పిందానికన్నా తొందరగా పట్టుకున్నాడు. క్రికెట్ స్కోరులో ఒక్క రన్ తేడా వస్తే మర్నాడు సవరణ వేస్తారు కదా, దీనికీ వెయ్యండి.

మా వీధి కాలవ గురించి ఇంకో ఉత్తరం రాస్తా, మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.

తా.క. ఎలుగుబంటిగా మారే డ్రూయిడ్‌తో ట్యాంక్ ఆడేవాళ్ళు ఈ ఉత్తరం చదివి 540 కోసం ఉన్న గేర్ అమ్ముకోవద్దు. వాళ్ళకి సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్ అనే టాలెంట్ పూర్తిగా పెట్టుకుంటే 6 శాతం క్రిట్ తగ్గుద్ది, కావాల్సింది 5.6 యే. ఆ డిఫెన్స్ జెమ్స్ ఉంటే పక్కన వారియర్‌కి ఇచ్చెయ్యండి.